కొర్రీల మూర్తిగారి దవడపన్ను

మూర్తిగారు ఖజానా శాఖలో సీనియర్ అకౌంటెంటు. ఆయన బల్ల మీదికెళ్లిన బిల్లు మొదటి దఫాలోనే పాసై బయటికొచ్చిందని ఎవడైనా అన్నాడంటే, వాడు నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరినవాడైనా అయ్యుండాలి, కోతలరాయుడైనా అయ్యుండాలి. రెవెన్యూ స్టాంపు మీద సంతకం సగమే పడిందని ఒక కొర్రీ. అక్షరాల్లో రాసిన మొత్తం చివర ‘మాత్రమే’ లేదని ఇంకో కొర్రీ. 2015లో ఊరి పేరు రాజమహేంద్రవరం అయ్యాక కూడా పాత అలవాటు కొద్దీ రాజమండ్రి అని రాసిన ఒక హెడ్మాస్టరుగారి బిల్లు రెండుసార్లు తిరిగొచ్చింది. 2018లో సీఎఫ్‌ఎంఎస్ అనే ఆర్థిక నిర్వహణ వ్యవస్థ వచ్చి బిల్లులన్నీ కంప్యూటర్లోకి ఎక్కితే ఈ పీడ విరగడవుతుందని జనం సంబరపడ్డారు. కంప్యూటర్లో కొర్రీ వేయడం ఎలాగో అందరికన్నా ముందు నేర్చుకున్నది మూర్తిగారే.

ఇంతటి మనిషికి ఎడమవైపు కింది దవడపన్ను పుచ్చింది. అక్కడితో ఆయన పౌరుషం సరి.

మనవైపు పళ్ల డాక్టర్ని వెతికే పద్ధతి ఒకటుంది. ఎవరు బాగా చేస్తారని అడగరు, ‘మనవాళ్లెవరున్నారు?’ అని అడుగుతారు. బీడీఎస్ అంటే నాలుగేళ్ల చదువూ ఏడాది హౌస్‌సర్జన్సీ అనీ, ఆపైన మూడేళ్లు ఎండీఎస్ చదివినవాళ్లలో పంటి నరాల పని చేసేవాళ్లు వేరు, వంకర పళ్లు సరిచేసేవాళ్లు వేరు, చిగుళ్లు చూసేవాళ్లు వేరు అనీ ఎవరికీ పట్టదు. బోర్డు మీద పేరు చదువుతారు, పక్కనున్న డిగ్రీ చదవరు. ఇంటిపేరు తెలిసిందైతే చాలు, నోరు తెరిచేస్తారు.

మూర్తిగారికి దొరికిన ‘మనవాడు’ సాక్షాత్తూ తోడల్లుడి కొడుకు. కుర్రాడు బుద్ధిమంతుడు, పెద్దంతరం చిన్నంతరం తెలిసినవాడు. క్లినిక్‌లో అడుగు పెట్టగానే ‘రండి బాబాయ్’ అని ఎదురొచ్చాడు. ఫీజు మాటెత్తితే నొచ్చుకున్నాడు. ‘మీ దగ్గర తీసుకుంటే నాన్న నన్ను ఇంట్లోకి రానిస్తారా!’ అన్నాడు. ఆ మాటతో మూర్తిగారి నోటికి తాళం పడిపోయింది. సొమ్మిచ్చినవాడు కొర్రీ వేయొచ్చు, ఊరికే చేయించుకున్నవాడు వేయకూడదు. ఇది ఏ జీవోలోనూ లేదు గానీ మూర్తిగారు పాటించే నియమాలన్నిట్లోకీ గట్టిది ఇదే. ఎండాకాలం వస్తే ఓ బుట్టెడు కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్లు పంపి రుణం తీర్చుకుందామనుకున్నారు. ఆ పళ్లు కొరికే యోగం డాక్టరుకే ఉంది, ఈయనకి లేదు.

రూట్ కెనాల్ మొదలైంది. పన్ను తొలిచి, లోపల చచ్చిన నరం గీకేసి, శుభ్రం చేసి, మలయా చెట్టుపాలతో తయారయ్యే గట్టాపెర్చా అనే పదార్థం కూరి, మీద సిమెంటు పూసి, చివర క్రౌన్ అనే టోపీ తొడగడం. చెప్పుకుంటే ఇంతే. ఆ కుర్చీలో కూర్చున్నవాడి అవస్థ వేరు. నోట్లో ఒక అద్దం, ఉమ్ము పీల్చే గొట్టం, రెండు దూది ఉండలు, డాక్టరుగారి రెండు వేళ్లు. సరిగ్గా అప్పుడే ప్రశ్న వస్తుంది.

‘నొప్పేమైనా ఉందా బాబాయ్?’

‘ఆఁ... ఆఁ...’

అది ఉందనో, లేదనో పైవాడికే తెలియాలి. డాక్టరు లేదనే రాసుకుంటాడు. పోనీ గొట్టం తీసేశాకైనా చెప్పొచ్చు కదా! మూర్తిగారు పెదవి తుడుచుకుని, ‘చెయ్యి చాలా తేలికమ్మా నీది’ అన్నారు. కంటి కొసన నీటిచుక్క మాత్రం అబద్ధమాడలేదు.

టోపీ తొడిగిన రోజున కుర్రాడు పంటి మీద నీలం కాగితం పెట్టి టకటకా కొరకమన్నాడు. ఎత్తుగా ఉన్నచోట నీలం మచ్చ పడుతుంది, అక్కడ కాస్త అరగదీస్తారు. పని మంచిదే. కానీ తిమ్మిరి సూది వేసిన దవడకి ఎత్తేమిటి, పల్లమేమిటి! ‘సరిగ్గా కూర్చుందా బాబాయ్?’ అంటే, ‘అచ్చు దేవుడిచ్చిన పన్నే’ అన్నారు మూర్తిగారు, అప్పటికి తన నాలుక ఎక్కడుందో తనకే తెలియని స్థితిలో. సాయంత్రం తిమ్మిరి దిగింది. ఉప్మాలో జీడిపప్పు తగలగానే ఆ పన్ను మిగతా పళ్లన్నిటికన్నా ముందు పరిగెత్తుకెళ్లి దాన్ని అందుకుంది. మూర్తిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

మర్నాడే వెళ్లి చెబితే రెండు నిమిషాల పని. ఈయన వెళ్లలేదు. ‘పాపం, కుర్రాడు కష్టపడి చేశాడు’ అన్నారు. కుడివైపే నమలడం అలవాటు చేసుకున్నారు. కాఫీ కుడివైపు, చల్లనీళ్లు కుడివైపు. చివరికి మాట కూడా కుడివైపు నుంచే వచ్చేది. లవంగం, ఉప్పునీళ్లు, ఎవరో చెప్పిన వేపపుల్ల అన్నీ అయ్యాయి. రాత్రిళ్లు పన్ను సలుపుతుంటే దిండు కింద చెయ్యి పెట్టుకుని, ‘ఎంతైనా మనవాడు’ అని గొణుక్కునేవారట. ఇది వారి శ్రీమతిగారు చెప్పిన మాట.

ఇక్కడ ఆవిడ పక్షాన ఒక మాట చెప్పాలి. మూర్తిగారి వంటి మనుషుల ఇళ్లలో బాధ ఒకరిది, సహనం వేరొకరిది. ఆవిడ ఒకనాడు పెసరట్టు తిప్పుతూ తిప్పుతూ అట్లకాడ చేత్తో పట్టుకునే వచ్చి అడిగేశారట: ‘ఏమండీ, పైసా తేడా వస్తే ఊళ్లోవాళ్ల బిల్లులన్నీ తిప్పికొడతారే, మీ నోట్లో ఉన్న బిల్లుకి ఒక్క కొర్రీ వేయలేరూ?’

‘నెమ్మది, నెమ్మది. మీ అక్కకి తెలిస్తే బాగోదు’ అన్నారట ఈయన.

అసలు సంగతి అదీ. కుర్రాడంటే భయం లేదు. భయమంతా తోడల్లుడంటే. తోడల్లుళ్ల మధ్య ఉండే లెక్కలు పైకి కనిపించవు. ఎవరికి ఏ పండక్కి ఏం పెట్టారు, ఎవరి కూతురికి ఎక్కడ సంబంధం కుదిరింది, మామగారు ఎవరింట్లో ఎన్నాళ్లున్నారు, అన్నీ రాసుకోకపోయినా గుర్తుంటాయి. ‘మావాడి వైద్యం మూర్తికి నచ్చలేదట’ అన్న మాట ఒక్కసారి ఆ ఖాతాలోకెక్కితే కొట్టేయడానికి ఈ జన్మ చాలదు.

ఇంతలో ఒక పెళ్లి వచ్చింది. పంక్తిలో ఎదురుగా తోడల్లుడూ, పక్కన డాక్టరు బాబూ. విస్తట్లో తాపేశ్వరం మడతకాజా. ఎవరో ఎడమవైపు నుంచి పలకరిస్తే, తల తిప్పిన మూర్తిగారు ఏమరుపాటున ఎడమవైపే కొరికేశారు. కాజా పొరల్లో పాకంతో పాటు టోపీ కూడా ఉండిపోయింది. ఆయన కళ్లు మూసుకున్నారు. జేబురుమాలు తీసి మూతి తుడుచుకున్నట్టు తుడుచుకుని, టోపీని అందులో మడిచి జేబులో వేసుకున్నారు. కొరికిన కాజాను పప్పు కింద దాచారు. ‘పన్నెలా ఉంది బాబాయ్?’ అని కుర్రాడు అడిగితే, పెదవి విప్పకుండా బొటనవేలు పైకెత్తి చూపించారు. మర్నాడు వెళ్లి ఆ టోపీ మళ్లీ అతికించుకున్నారు. ‘కాజా గట్టిగా ఉందమ్మా, తప్పు వంటవాడిది’ అన్నారు.

అప్పటికి డాక్టర్ని మార్చక తప్పదని నిశ్చయమైపోయింది. ఎలా చెప్పాలన్నదే మిగిలింది. ప్రభుత్వోద్యోగి కాబట్టి కాగితం మీద పెట్టారు. ఆ చిత్తుప్రతి నేను కళ్లారా చూశాను:

‘విషయము: దంతవైద్యము – ఎడమ కింది దవడపన్ను – వేరొక వైద్యునకు చూపించుకొనుటకు అనుమతి కోరుట – గురించి. సూచిక: 1. తాము అమర్చిన టోపీ. 2. తదనంతర నొప్పి. పై విషయమును పురస్కరించుకొని తమకు తెలియజేయునదేమనగా, సూచిక 1 వలన సూచిక 2 సంభవించినదని ఈ క్రింద సంతకము చేసినవారి అభిప్రాయము కాదు...’

‘కాదు’ దగ్గర కలం ఆగిపోయింది. ఉత్తరం ఇప్పటికీ ఆయన సొరుగులోనే ఉంది.

తరవాత శాస్త్రాన్ని ఆశ్రయించారు. ‘నీ కుర్చీలో పడుకుంటే తల ఉత్తరానికి వస్తోందమ్మా. మా సిద్ధాంతిగారు వద్దంటున్నారు’ అన్నారు. ఇక తప్పించుకున్నట్టేనని ఊపిరి పీల్చుకునేలోపు ఆ కుర్రాడు, ‘అలాగా బాబాయ్! కింద నీళ్ల గొట్టాలు మార్పించాలి గానీ, వచ్చే నెల తూర్పుకి తిప్పించేస్తా’ అన్నాడు. ఇలాంటి మంచివాళ్ల దగ్గర వైద్యం చేయించుకోవడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది.

పక్కింటి ప్లీడరుగారు ఈ గోలంతా విని నవ్వారు. ‘మీ ఎక్స్‌రేలు, కాగితాలు డాక్టరు దగ్గర మూడేళ్లపాటు భద్రంగా ఉండాలి, అడిగితే మీకివ్వాలి. డెంటల్ కౌన్సిల్ 2014 నియమావళిలో ఉన్న సంగతే. అడగడానికి అనుమతులెందుకు? ఇంకా మాట్లాడితే, వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికొచ్చే సేవేనని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చేసింది’ అన్నారు.

మూర్తిగారు రెండు చెవులూ మూసుకున్నారు. ‘శివ శివా! కొడుకు వరసవాడి మీద కేసా!’ ఒక్క క్షణమాగి, ఎంతైనా అకౌంటెంటు కదా, ‘అయినా మనం ఫీజు కట్టలేదుగా, రసీదేదీ?’ అన్నారు. ‘అది వాదించాల్సిన విషయం’ అని ప్లీడరుగారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

మూర్తిగారి లాంటివాళ్లకి పూర్తిగా ఎదురు జాతి ఒకటుంది. ఊళ్లో ఉన్న పళ్ల డాక్టర్లందరినీ తిరిగి, ఒకరి మాట ఇంకొకరికి మోసి, పై పన్ను పీకితే చూపు పోతుందని ఒకరితోనూ, క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని మరొకరితోనూ వాదించి, చివరికి పుచ్చుపన్ను పుచ్చుగానే ఉంచుకునేవాళ్లు. వాళ్ల కథ ఇంకోసారి.

చివరికి మూర్తిగారు ఒక ఆదివారం మొహానికి మాస్కు, నెత్తికి మంకీక్యాపు తగిలించుకుని రాజమండ్రిలో రైలెక్కారు. ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు దాటి, సామర్లకోటలో దిగి, ఆటోలో కాకినాడ. రాజమండ్రిలో దానవాయిపేట వీధి చివరిదాకా డాక్టర్ల బోర్డులే ఉంటాయి. కానీ చుట్టాలు కూడా అక్కడే ఉంటారు. కాకినాడ క్లినిక్‌లో పేరడిగితే ఇంటిపేరు మింగేసి చెప్పారు. వెయిటింగు గదిలో ఒక మూల కుర్చీలో కూర్చుని పాత వారపత్రిక అడ్డం పెట్టుకున్నారు. ఎదురుగా ఇంకో మాస్కు, ఇంకో వారపత్రిక. ఇద్దరూ కాసేపు ఒకరి చెప్పులు ఒకరు చూసుకున్నారు. ఆ చెప్పులు ఎక్కడో చూసినట్టుంది. మొన్న పెళ్లి పందిరి గుమ్మంలో తన చెప్పుల పక్కనే విడిచినవి.

‘మూర్తీ!’ అన్నాడు తోడల్లుడు.

‘అన్నయ్యగారూ!’ అన్నారు మూర్తిగారు.

కాసేపు ఇద్దరికీ మాట పెగల్లేదు. తరవాత పెద్దాయనే గొంతు తగ్గించి, ‘మావాడి దగ్గరైతే ఫీజు పుచ్చుకోడు కదా, ఏదైనా తేడా వస్తే అనలేం. ఏడాదిగా ఇక్కడికే వస్తున్నా. మీ వదినకి చెప్పకు’ అన్నాడు. మూర్తిగారి దవడ మీద నుంచి పెద్ద బరువు దిగింది. పన్ను మాత్రం అలాగే సలుపుతోంది.

కాకినాడ డాక్టరుగారు ఎండీఎస్, నరాల పనిలోనే. ఎక్స్‌రే తీసి చూపించారు. ఆ దవడపన్నుకి మామూలుగా రెండు వేర్లు, వాటిలో మూడు సన్నటి దారులు. కొందరికి నాలుగోది కూడా ఉంటుంది. మూర్తిగారికి ఉంది. అది శుభ్రం కాకుండా మిగిలిపోవడంతో లోపల చీము అలాగే ఉంది. ‘అయితే మొదటాయన తప్పు చేసినట్టేగా?’ అని మూర్తిగారు ఆశగా అడిగారు. ‘కొందరిలో అది చాలా సన్నగా ఉండి దొరకదండీ’ అన్నారాయన. ‘మళ్లీ తెరిచి చేద్దాం. పాత ఎక్స్‌రేలూ ఏం చేశారో రాసిన కాగితమూ తెప్పించండి.’

మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి మూర్తిగారి శ్రీమతి ఆయన్ని అడగలేదు, ఫోను తీసి కుర్రాడికే చేసేశారు. ‘అయ్యో పిన్నీ, దానికేముంది!’ అని ఆ కుర్రాడు సాయంత్రానికల్లా ఎక్స్‌రేలు, ట్రీట్‌మెంట్ వివరాలు, కాకినాడ డాక్టరుగారికి ఒక ఉత్తరం కవర్లో పెట్టి మనిషిచేత పంపించాడు. వేరే డాక్టరుకి చూపించుకోమంటే బాబాయ్ ఏమనుకుంటారోనని తనే సందేహిస్తున్నానని కూడా చెప్పాడట.

కవరు విప్పి, కళ్లజోడు సర్దుకుని, మూర్తిగారు ఉత్తరం ఆసాంతం చదివారు. వెనక్కి తిప్పి చూశారు. మళ్లీ ముందుకి తిప్పారు. ఎర్ర కలం తీశారు. తెచ్చిన మనిషి ఇంకా గేటు దాటలేదు, వెనక్కి పిలిచారు.

‘తేదీ వేయలేదు. సంతకం కింద రిజిస్ట్రేషన్ నంబరు లేదు. జతపరచిన ఎక్స్‌రేలు ఎన్నో అక్షరాల్లో రాయలేదు. సరిచేసి తెమ్మను.’

ఆ కుర్రాడు సరిచేసి పంపాడు. నాలుగో దారి కూడా శుభ్రమైంది, కొత్త టోపీ పడింది, ఫీజు కట్టి రసీదు కూడా పుచ్చుకున్నారు. ఇప్పుడాయన కాకినాడ డాక్టర్ని ఊరంతా పొగుడుతున్నారు. కనిపించినవాడినల్లా తనే వెంటబెట్టుకుని తీసుకెళతానంటున్నారు. నాకూ కుడివైపు పైపన్ను కొన్నాళ్లుగా జివ్వుమంటోంది. ఆయనతో వెళ్లాక అక్కడ నచ్చకపోతే ఆ ముక్క ఆయనతో చెప్పడం నావల్ల కాదు. అందుచేత గోదావరి జిల్లాల్లో మూర్తిగారికి గానీ, ఆయన తోడల్లుడికి గానీ ఏమాత్రం పరిచయం లేని పళ్ల డాక్టరు ఎవరైనా మీకు తెలిస్తే దయచేసి కబురు చేయండి. ఫీజు ఎంతైనా ఫరవాలేదు, తీసుకునేవాడైతే చాలు.