మోకాళ్లకు డిస్కౌంటు లేదు

మన ఊళ్లలో సమానత్వం నూటికి నూరుపాళ్లూ అమలవుతున్న చోటు ఏదైనా ఉందంటే అది డిస్కౌంటు స్టోరే. అక్కడ కులం అడగరు, మతం అడగరు, వయసు అసలే అడగరు. జిమ్ముకెళ్లే కుర్రాడికీ, మోకాళ్లు అరిగిపోయిన మామ్మగారికీ, చంకలో కర్రతో వచ్చినాయనకీ ఒకటే లైను. "మాకు కస్టమర్లందరూ సమానమేనండీ" అంటాడు ఫ్లోర్ మేనేజరు, మెడలో ట్యాగు సర్దుకుంటూ. అంబేడ్కర్ గారు రాసింది ఇదే కాబోలనుకుని మనమూ తలూపి, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటాం.

ఈ సమానత్వం గుమ్మంలోనే మొదలవుతుంది. ట్రాలీలు రోడ్డెక్కిపోకుండా ముందు ఇనప గొట్టాలు పాతుతారు. ఆ సందుల్లో ట్రాలీ పట్టదు, చక్రాల కుర్చీ అంతకన్నా పట్టదు. ర్యాంపు లేదా అంటే, ఎందుకు లేదు? వెనకవైపు ఉంది, బియ్యం బస్తాలు దింపే చోట. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలన్నది లెక్క. మనవాళ్లు పొదుపరులు కదా, మూడడుగుల్లో ముగించేస్తారు. దాని మీద చక్రాల కుర్చీ ఎక్కదు, దిగేటప్పుడు మాత్రం ఆగదు. ఇక లిఫ్టు ముందు కాగితం అంటించి ఉంటుంది: "సరుకులకు మాత్రమే". చింతపండు దర్జాగా లిఫ్టులో వెళ్తుంది, చింతపండు కొనేవాళ్లు మెట్లెక్కుతారు.

లోపలికెళ్తే అసలు వేడుక. ఒకటి కొంటే ఒకటి ఉచితం ఉన్న ప్యాకెట్టు ఎప్పుడూ నేలబారు అరలోనే ఉంటుంది. ఒకావిడ అర పట్టుకుని సగం వంగి, ధర చీటీ చదవలేక, పక్కన యూనిఫాంలో ఉన్న కుర్రాణ్ణి అడుగుతుంది.

"బాబూ, ఈ కందిపప్పు రేటెంతో చూడు నాయనా."

"నేను స్టోరు మనిషిని కాదమ్మా, షాంపూ కంపెనీ మనిషిని."

"మరి స్టోరు మనుషులెవరు?"

"అటెళ్లి అడగండమ్మా."

అటెళ్తే అక్కడున్నది బిస్కెట్ కంపెనీ మనిషి. రెండు వరసలు తిరిగితే నూనె కంపెనీ మనిషి. స్టోరంతా మనుషులే, స్టోరు మనిషి మాత్రం లేడు. ఆవిడ చివరికి రేటు తెలియకుండానే పప్పు బుట్టలో వేసుకుంటుంది.

ఆ తర్వాత బిల్లింగు. పైన బోర్డు వేలాడుతుంటుంది: "వృద్ధులకు, దివ్యాంగులకు ప్రత్యేక కౌంటరు". దాని కింద కంప్యూటరు మీద గుడ్డ కప్పి, కుర్చీలో సర్ఫు కార్టన్లు కూర్చోబెట్టి ఉంటాయి. మొత్తం స్టోరులో కూర్చునే భాగ్యం ఆ కార్టన్లకే. "ఈ కౌంటరు ఎప్పుడు తెరుస్తారు బాబూ?" అంటే "రష్ ఉంటే తెరుస్తాం సార్" అంటారు. రష్ ఉన్నప్పుడు అడిగితే "ఇప్పుడు చాలా రష్‌గా ఉంది సార్" అంటారు.

లైను కదిలి మామ్మగారి వంతు వస్తుంది. "ఫోన్ నంబరు చెప్పండి." నంబరు గుర్తులేదు. "మీ అబ్బాయిది చెప్పండి పర్లేదు." బిల్లుకు ఫోన్ నంబరు తప్పనిసరి చేయొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మే నెలలోనే దుకాణాలకు చెప్పింది. కానీ మన కౌంటర్లలో శాఖ మాట చెల్లదు, సిస్టం మాటే చెల్లుతుంది. "నంబర్ లేకపోతే సిస్టం తీస్కోదమ్మా." చిల్లర సంచి ముడి విప్పేలోగా వెనకనుంచి నిట్టూర్పులు. గడప దగ్గర గార్డు. రెండు చేతుల్లోని సంచులూ కింద పెట్టి, బిల్లు వెతికి, పంచ్ వేయించుకుని, మళ్లీ వంగి సంచులెత్తుకోవాలి. పప్పూ ఉప్పూ కొన్నందుకు ఇంత దేహశుద్ధి!

దేవుళ్లే నయం. రద్దీలో తిరుమలను మించిన చోటు ఉందా? అక్కడ కూడా 65 ఏళ్లు దాటినవాళ్లకూ దివ్యాంగులకూ ప్రత్యేక దర్శనం కోటా ఉంది. ఏడుకొండలవాడికి కుదిరిన ఏర్పాటు ఏడు కౌంటర్లవాడికి ఎందుకు కుదరదో ఆయనే చెప్పాలి.

ఇదంతా అడిగితే వచ్చే జవాబు ఒకటే. "రేటు తగ్గించి ఇస్తున్నాం కదండీ, ఆ మాత్రం సర్దుకోవాలి." సరే, లెక్కే చూద్దాం. ఆ తగ్గింపు ఎక్కణ్ణుంచి వస్తోంది? టోకున కొనడం వల్ల కొంత వస్తుంది, కాదనను. మిగతాది కుర్చీ వేయకపోవడంలోంచి, మనిషిని పెట్టకపోవడంలోంచి, నడవాలో సగం బకెట్లు పేర్చడంలోంచి వస్తుంది. కుర్రాడికి దీనివల్ల పోయేదేమీ లేదు, పది రూపాయలు నికరంగా మిగులుతాయి. అదే పది రూపాయలకు పెద్దాయన అరగంట నిలబడాలి, ఇంటికెళ్లి నొప్పి బిళ్ల వేసుకోవాలి. పింఛను డబ్బుల్లో పది రూపాయలు మిగలడం ఎవరికి ఎక్కువ అవసరమో, వాళ్లే ఆ పదికీ ఎక్కువ ధర కడుతున్నారు. పైగా కాళ్లూ చేతులూ ఆడేవాళ్లు ఫోన్లో నొక్కి పది నిమిషాల్లో సరుకు గుమ్మంలోకి రప్పించుకుంటుంటే, ఎవరైనా తెచ్చిపెట్టాల్సినవాళ్లు లైన్లో నిలబడుతున్నారు.

కౌంటరు అమ్మాయి మీద విసుక్కోకండి. ఆమె కూడా పొద్దుటినుంచి నిలబడే ఉంది. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇవ్వడానికి కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం మార్చాల్సి వచ్చిందంటే, కుర్చీ మీద మన వ్యాపారులకున్న పగ ఎంతటిదో అర్థమవుతుంది. అటు నెదర్లాండ్స్‌లో జంబో అనే సూపర్ మార్కెట్ సంస్థ 2019లో తొందర లేనివాళ్ల కోసమే ఒక కౌంటరు తెరిచింది. పెద్దవాళ్లు నింపాదిగా నాలుగు మాటలు చెప్పుకుంటూ బిల్లు కట్టొచ్చు. మనకు కబుర్లు వద్దు, ఆ కార్టన్లను కాస్త లేపితే చాలు.

ఇక మేనేజరుగారి సమానత్వం సంగతి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం జనం వచ్చిపోయే ప్రైవేటు భవనాలను కూడా ప్రజాభవనాల లెక్కలోనే వేసింది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. పాత భవనాలను ఐదేళ్లలో సరిచేయాలన్నారు. ఆ గడువు 2022లోనే తీరిపోయింది. నియమాల్లో ఉన్నవి సలహాలే తప్ప ఆదేశాలు కావన్న వంకా పోయింది. మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇచ్చిన నివేదికను ముందు పెట్టుకుని, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నియమం చెల్లదంది. తప్పనిసరి ప్రమాణాలు రాయమని కేంద్రానికి మూడు నెలలు గడువిచ్చింది. అన్నిటికంటే ముఖ్యమైనది, అవసరమైన సర్దుబాటు చేయకపోవడాన్ని కూడా ఆ చట్టం వివక్ష కిందే లెక్కగట్టింది. అంటే "అందరికీ ఒకటే లైను" అని గర్వంగా చెప్పుకునేది సమానత్వం కాదు, సంతకం పెట్టి ఇచ్చిన నేరాంగీకారం.

మొదటిసారి చట్టం తప్పితే జరిమానా 10,000 రూపాయల వరకు. కొత్త బ్రాంచి ప్రారంభానికి కట్టే బెలూన్ల ఖర్చులో అదో మూల. అందుకే ఎవరికీ భయం లేదు. భయం లేకపోయినా ఫర్వాలేదు, లెక్కయినా రావాలి కదా. నాలుగు కుర్చీలు, సరైన వాలున్న ఒక ర్యాంపు, నిజంగా తెరిచి ఉంచే ఒక కౌంటరు, అడిగితే రేటు చెప్పే ఒక్క స్టోరు మనిషి. ఇవన్నీ కలిపి కిలో కందిపప్పు మీద ఎన్ని పైసలు పడతాయో వేసుకోండి. ఆ పైసలు కలిపే అమ్మండి, ఇస్తాం. రాయితీ వద్దని ఎవరూ అనడం లేదు. అది మా మోకాళ్ల ఖాతాలోంచి ఇవ్వొద్దంటున్నాం.