విజిల్ శాస్త్రం: మొదటి పాఠాలు

వేసవి క్రికెట్ శిక్షణ శిబిరం తెలుగు రాష్ట్రాల్లో ఏప్రిల్ నెలాఖరున, బడులకు సెలవులివ్వగానే పుడుతుంది. జూన్ రెండో వారంలో బడులు తెరవగానే గిట్టుతుంది. దీన్ని నడిపే వ్యక్తిని కోచ్ అంటారు. కోచ్ కావడానికి నాలుగు వస్తువులు కావాలి: విజిలు, టోపీ, వీపు మీద ‘కోచ్’ అని అచ్చేసిన టీషర్టు, ఒక గతం. మొదటి మూడూ స్పోర్ట్స్ షాపులో దొరుకుతాయి. గతాన్ని మాత్రం ఎవరికి వారే సమకూర్చుకోవాలి.

గతాల్లో అంతస్తులున్నాయి. ‘జిల్లాకి ఆడాను’ అన్నది అట్టడుగుది. ‘ఇంటర్ యూనివర్సిటీ ఆడాను’ అన్నది మధ్యరకం. ‘రంజీ ప్రాబబుల్స్‌లో పేరుండేది, రాజకీయాలు చేసి తప్పించారు’ అన్నది అన్నిటికన్నా మేలైనది. ఏ స్కోరుబుక్కు తిరగేసినా దాన్ని కాదనడానికి ఆధారం దొరకదు.

ఆడినవాడికి నేర్పడం దానంతటదే వచ్చేస్తుందన్నది ఈ శాస్త్రానికి మూలసూత్రం. ఈ సూత్రం ప్రకారం రమాకాంత్ అచ్రేకర్‌ని గేటు దగ్గరే ఆపేయాలి. ఆయన ఆడిన ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఒక్కటంటే ఒక్కటి, అదీ మొయినుద్దౌలా టోర్నీలో హైదరాబాద్ మీద. సచిన్ టెండూల్కర్ ఆటని దిద్దింది ఆయనే. హైదరాబాదువాడే అయిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తికి బడిపంతులు. ఆయన చేతికింద భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. కుడికాలితో తప్ప ఆడనివాణ్ణి తిట్టే బదులు రహీం సాబ్ బలహీనమైన కాలితోనే తన్నాలనే షరతు పెట్టి టోర్నమెంట్లు నడిపాడు. ఈ పని ఇప్పటి శిబిరంలో చేస్తే, ‘మావాడు చక్కగా ఆడేవాడు, పాడుచేశారు’ అని తండ్రులు ఫీజు వెనక్కి అడుగుతారు.

అసలు చిక్కు వేరే ఉంది. ఒక నైపుణ్యం బాగా ఒంటబట్టాక అది ఆలోచన లేకుండా జరిగిపోతుంది. ఫిట్స్, పోస్నర్ అనే మనస్తత్వవేత్తలు 1967లోనే నేర్చుకోవడాన్ని మూడు దశలుగా విడదీసి, ఆఖరిదాన్ని ఇలాగే వర్ణించారు. ఆ దశకు చేరినవాడికి తను మొదటి దశలో ఎలా తడబడ్డాడో గుర్తుండదు. అందుకే ఎంత బాగా ఆడినవాడైతే పాఠం అంత పొట్టిగా ఉంటుంది: ‘బాల్ వచ్చింది కదా, కొట్టు.’

నేర్పడం నేర్పే చోట్లూ లేకపోలేదు. పటియాలాలో 1961లో పెట్టిన జాతీయ క్రీడా సంస్థలో డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సూ ఉంది. కండరాలు ఎలా పనిచేస్తాయి, ఏ వయసుకి ఎంత శ్రమ, మనసు సంగతేమిటి లాంటివన్నీ అక్కడ చదివిస్తారు. శిబిరమూ ఇంచుమించు ఆరు వారాలే కాబట్టి ఒక్క వేసవి నేర్పడం మాని నేర్చుకుంటే సరిపోతుంది. కానీ ఆ వేసవి ఫీజులు ఎవరిస్తారు?

శిక్షణ రౌండ్లతో మొదలవుతుంది. గ్రౌండు చుట్టూ అయిదు రౌండ్లు. ఆలస్యంగా వస్తే ఇంకో రెండు, క్యాచ్ వదిలితే ఇంకోటి, నవ్వితే ఇంకోటి. పరుగంటే ఒంటికి మంచిదని పొద్దున్న ఆరింటికి చెప్పి, అదే పరుగుని ఆరుంపావుకి శిక్షగా వేయడంలో ఉన్న వైరుధ్యం ఈ శాస్త్రాన్ని ఎన్నడూ బాధించలేదు. తర్వాత నిలబడి కాలి బొటనవేళ్లు పట్టుకోవడం. కదలకుండా సాగదీయడం కన్నా కదులుతూ ఒళ్లు వేడెక్కించడమే ఆటకి ముందు మేలని తేలి చాలా కాలమైంది. ఫిఫా వారి ఇరవై నిమిషాల వార్మప్ పద్ధతి ఎవరైనా చూసి వాడుకునేలా ఉంది. ఫుట్‌బాల్ కోసం చేసినదే అయినా అందులో దూకడం, నిలదొక్కుకోవడం, మలుపు తిరగడం ఏ ఆటకైనా పనికొస్తాయి. చదువుకోవాల్సి రావడమే దానిలో లోపం.

రౌండ్లయ్యాక లైను. శిబిరంలో పిల్లవాడు అన్నిటికన్నా ఎక్కువగా నేర్చుకునే విద్య నిలబడటం. లెక్క సులువే: నలభై మంది పిల్లలు, రెండు నెట్లు, గంటన్నర సమయం అనుకుంటే మనిషికి నాలుగున్నర నిమిషాల బ్యాటింగ్ వస్తుంది. నిమిషానికి రెండు బంతుల చొప్పున తొమ్మిది బంతులు. వాటిలో రెండు వైడ్లు, ఒకటి నెట్టుకి తగులుతుంది. మిగిలిన ఎనభై అయిదున్నర నిమిషాలూ ప్యాడ్లు కట్టుకుని, గ్లవ్స్ వాసన చూస్తూ, ముందున్నవాడి చొక్కా లాగుతూ గడుస్తాయి. అచ్రేకర్ తన శిష్యుణ్ణి స్కూటరెక్కించుకుని ఒక మైదానంలో అవుటైతే ఇంకో మైదానానికి తీసుకెళ్లి మళ్లీ బ్యాటింగ్ చేయించాడని ముంబయిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నలభై మందిని అలా స్కూటరెక్కించడం కుదరదు, నిజమే. కానీ నలుగురేసి పది జట్లుగా విడగొట్టి, జట్టుకో టెన్నిస్ బంతి ఇవ్వడానికి స్కూటరు అక్కర్లేదు.

ఈ లైను పద్ధతికి మనకి పురాణ ప్రమాణం కూడా ఉంది. పక్షి కన్ను పరీక్షలో ద్రోణుడు రాకుమారులను ఒక్కొక్కరినే పిలిచి, ఏం కనిపిస్తోందని అడిగి, చెట్టూ కొమ్మా అన్నవాళ్లందర్నీ బాణం వేయనివ్వకుండానే పక్కకి పంపేశాడు. ఆ పూట అభ్యాసం జరిగింది అర్జునుడొక్కడికే. కేంద్ర ప్రభుత్వం 1985 నుంచి ఉత్తమ శిక్షకులకిస్తున్న పురస్కారం ద్రోణుడి పేరు మీదే ఉంది. ఏకలవ్యుడి బొటనవేలిని ముందస్తు ఫీజుగా లెక్కిస్తే ఆయన్ని శిబిరాలకూ ఆద్యుడనుకోవచ్చు.

తర్వాతి అంగం బోధన. ఇందులో మూడు మంత్రాలున్నాయి: ‘ఫోకస్’, ‘కాన్సన్‌ట్రేట్’, ‘ఏం చేస్తున్నావురా?’ మూడోది ప్రశ్నలా వినిపిస్తుంది గానీ జవాబు చెబితే రౌండ్లు పడతాయి. కాస్త అనుభవమున్నవారు ఇంకొంచెం వివరంగా చెబుతారు. బౌలర్ పరుగు మొదలెట్టాక ‘ఎల్బో పైకి, తల కిందికి, కాలు ముందుకి, పట్టు వదులు’ అని నాలుగు ఆజ్ఞలు ఒక్కసారే ఇస్తారు. పదేళ్లవాడు నాలుగింట్లో ఏది పాటించాలో తేల్చుకునేసరికి మిడిల్ స్టంపు పడిపోతుంది. ఒక ప్రయత్నానికి ఒక్క మాటే చెప్పాలని, అదీ మోచేయి గురించి కాక బంతి ఎటు పోవాలో చెబితే త్వరగా పట్టుబడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఒక్క మాట చెప్పి ఊరుకునే కోచ్‌కి నెలకింత ఎందుకివ్వాలని తల్లిదండ్రులు మాత్రం అడుగుతారు. అరుపు బౌండరీ అవతల కారులో కూర్చున్నవారికి వినిపించాలి. అది వారి కోసమే.

సరంజామా సంగతి క్లుప్తంగా. మినీ బాస్కెట్‌బాల్‌లో రింగుని 3.05 మీటర్ల నుంచి 2.60కి దించుతారు. పదేళ్లలోపు వారి పోటీల్లో నెమ్మదైన బంతులే వాడాలని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012లో నిబంధన తెచ్చింది. శిబిరం ఇలాంటి నామోషీ పనులకు ఒప్పుకోదు. ఎనిమిదేళ్లవాడికీ ఇరవై రెండు గజాలే, వాడికీ డ్యూస్ బాలే. బ్యాటు రెండు సైజులు పెద్దది కొనిపిస్తారు, వచ్చే ఏడాదికీ పనికొస్తుందని. మంచినీళ్లు మధ్యలో తాగితే ఆయాసమొస్తుందన్న నమ్మకం మే నెల ఎండలో కూడా కొన్ని మైదానాల్లో బతికే ఉంది.

చివరి రోజు ముగింపు ఉత్సవం. స్థానిక నాయకుడు వచ్చి ప్యాడ్లు లేకుండా ఒక బంతి ఆడతారు. బౌల్డ్ అయితే అది నోబాల్. తర్వాత ‘క్రికెట్ ప్రాథమిక మెళకువలు నేర్చుకున్నట్టు ధ్రువీకరించడమైనది’ అని బంగారు రంగు అంచున్న కాగితం అందరికీ ఇస్తారు. గ్రేడు అందరికీ ‘ఎ’. మూడు వేసవులు వరసగా ఈ కాగితం అందుకున్న కుర్రాణ్ణి నాలుగో వేసవికి అసిస్టెంట్ కోచ్‌ని చేస్తారు. చిన్నపిల్లల బ్యాచ్ పూర్తిగా అతనికే అప్పగిస్తారు. జీతం ఉండదు, ఫీజులో సగం రాయితీ ఉంటుంది.