పాము చావదు, కర్ర విరగదు: పద్నాలుగు ఎత్తుల్లో డ్రా చేసుకొను విధానం

మీరు పెద్ద గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. అభినందనలు. ఇన్నాళ్లూ మీకు గెలవడం ఎలాగో నేర్పినవాళ్లే గానీ, మూడింటికి మొదలైన ఆట ముగించి మూడున్నరకల్లా హోటల్ గదికి చేరడం ఎలాగో చెప్పినవాళ్లు లేరు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు ముక్కలు.

ముందుగా బెర్లిన్ డిఫెన్స్ బట్టీ పట్టండి. 2000లో లండన్‌లో క్రామ్నిక్ దీన్ని అడ్డం పెట్టుకునే కాస్పరోవ్ కిరీటం లాగేసుకున్నాడు. అది గెలుపు కథ, మనకక్కర్లేదు. మనకు కావలసింది అందులో ఉన్న ఒక సందు. మొదటి పది ఎత్తుల్లో గుర్రాలు మూడు, తెల్ల శకటు ఒకటి చకచకా బోర్డు దిగిపోతాయి. పదకొండో ఎత్తుకు తెల్ల మంత్రి డి4 నుంచి ఇ4కి జరిగి చెక్ చెబుతుంది. నల్ల మంత్రి డి6 నుంచి ఇ6కి వచ్చి అడ్డం నిలుస్తుంది. ఇదీ వెనక్కి, అదీ వెనక్కి. మళ్లీ చెక్, మళ్లీ అడ్డం, మళ్లీ వెనక్కి. ఒకే స్థితి మూడుసార్లు వచ్చింది కాబట్టి డ్రా. నల్ల ఏనుగులు రెండూ ఇంకా పుట్టింటి గడప దాటలేదు. ఎత్తులన్నీ ఇద్దరికీ కంఠతా వచ్చినవే అయినా, మధ్యలో ఒకసారి తల పట్టుకుని కాసేపు ఆలోచించండి. కెమెరా చూస్తోంది.

ఇంత శ్రమ ఎందుకు, నోటితో అడిగితే పోదా అంటారేమో. పోతుంది. ఎత్తు వేసి, గడియారం నొక్కేలోపు ‘డ్రా’ అనాలి, అంతే. కానీ 2005లో సోఫియా టోర్నీ వాళ్లు ఆ మాట మీద వేటు వేశారు: ఆటగాళ్లు తమలో తాము డ్రా ఊసెత్తకూడదు, ఆర్బిటర్ ఒప్పుకోవాలి. చాలా టోర్నీలు అదే దారి పట్టాయి. పాపం, ఆటగాళ్ల నోళ్లు కట్టేశారు గానీ మంత్రి కాళ్లు కట్టలేకపోయారు. అందుకే పైన చెప్పిన షికారు.

ముగ్గురు కూడితే ఇంకా లాభం. 1962లో కురసావ్‌లో, ప్రపంచ చాంపియన్‌తో తలపడేవాణ్ణి తేల్చే క్యాండిడేట్స్ టోర్నీలో, పెట్రోస్యాన్, కెరెస్, గెల్లర్ తమలో తాము పన్నెండు ఆటలు ఆడి పన్నెండూ డ్రా చేసుకున్నారు. మిగిలిన సత్తువంతా పరాయివాళ్ల మీద చూపించారు. టోర్నీ గెలిచిన పెట్రోస్యాన్ మరుసటి ఏడాది ప్రపంచ చాంపియన్ కూడా అయ్యాడు. ఇదంతా కుమ్మక్కేనని ఫిషర్ పత్రికకెక్కితే, ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే క్యాండిడేట్స్ పద్ధతే మార్చేసి మ్యాచ్‌లు పెట్టింది. అప్పటికే పెట్రోస్యాన్ తన పని కానిచ్చేసుకున్నాడు.

ఇక అభిమానులు. వీళ్లను చూసి భయపడకండి. ఎవరిది పైచేయో చూపే కంప్యూటర్ పట్టీ మీ వైపు కాస్త మొగ్గితే చాలు, పక్కింటి కుర్రాడి చేతిలో ఇరవై ఎత్తులకే కట్టు తినే పెద్దమనిషి కూడా మిమ్మల్ని పిరికిపంద అంటాడు. 2018లో లండన్‌లో ప్రపంచ కిరీటం పోరులో కార్ల్‌సన్ తనదే పైచేయిగా ఉన్న పన్నెండో ఆటను ముప్పై ఒకటో ఎత్తుకే డ్రాకి ఇచ్చాడు. లోకం దుమ్మెత్తి పోసింది. రెండు రోజుల తర్వాత ర్యాపిడ్‌లో కరువానాను 3-0తో ఓడించాడు. ఆ తిట్లు ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఇదే జనం, 2021లో కార్ల్‌సన్, నకమురా ఫలితంతో పనిలేని ఆటలో రాజుల్ని ముందుకీ వెనక్కీ నడిపించి ఆరు ఎత్తుల్లో ముగిస్తే పడీపడీ నవ్వారు. వాళ్లకి డ్రా మీద కోపం లేదు, రాత్రంతా మేలుకున్న ఆటలో మమ అనిపిస్తేనే మంట. నన్నడిగితే, అది న్యాయమైన మంటే.

వేళాకోళం మాత్రం చోటు చూసి చేయండి. 2023లో సమర్‌కంద్‌లో జరిగిన ప్రపంచ బ్లిట్జ్ పోటీలో దూబోవ్, నెపోమ్నియాషి పదమూడు ఎత్తులూ ఒట్టి గుర్రాలే తిప్పారు. ఆర్బిటర్ ఇద్దరికీ సున్నా వేశాడు. ఏడాది తిరిగేసరికి న్యూయార్క్‌లో అదే నెపోమ్నియాషి, కార్ల్‌సన్ బ్లిట్జ్ ఫైనల్లో 3.5-3.5 దగ్గర ఆగి, టైటిల్ పంచుకుంటామన్నారు. ఒప్పుకోకపోతే చిన్న చిన్న డ్రాలు చేస్తూ పోదామని కార్ల్‌సన్ అన్న మాట కెమెరాకు చిక్కింది. తర్వాత జోక్ అన్నాడు. ఫిడే ఇద్దరినీ చాంపియన్లను చేసింది. మధ్య రౌండ్లో చేతులు కలిపితే సున్నా, ఫైనల్లో కలిపితే స్వర్ణం. కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

చివరిగా ఒక హెచ్చరిక. ఆ ఫైనల్‌కు మూడు రోజుల ముందు, అదే న్యూయార్క్‌లో, ర్యాపిడ్ ఆఖరి రౌండ్‌కు వచ్చేసరికి కోనేరు హంపి మరికొందరితో సమానంగా ఉంది. చేతిలో నల్లపావులు. డ్రా అడిగినా తప్పుపట్టేవాళ్లు లేరు. ఆడి గెలిచి, 8.5 పాయింట్లతో టైటిల్ ఒక్కతే పట్టుకెళ్లింది. ఎదురుగా ఇలాంటివాళ్లు కూర్చుంటే ఈ విధానం పనిచేయదు. మీరూ ఆడాల్సిందే.