పాస్‌పోర్ట్ సైజు ఫొటో

నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్ గారి అమ్మాయి ఎమ్మే ఇంగ్లీషు ముగించి, సెల్టా చేస్తానని బ్యాంకాక్ వెళ్లింది. ఆయన చీటీ పాడి ఫీజు కట్టాడు. పరాయి దేశాల్లో ఇంగ్లీషు చెప్పాలనుకునేవాళ్లకు ఎక్కువ చోట్ల చెల్లే సర్టిఫికెట్టు అది. కేంబ్రిడ్జ్ వాళ్లిస్తారు.

నాలుగు వారాల కోర్సు. 120 గంటల శిక్షణ, నాలుగు రాతపనులు, 6 గంటలపాటు నిజమైన విద్యార్థులకు పాఠం. ఆ ఆరు గంటల్లోనే ఉంది కష్టమంతా. పాఠం జరుగుతుంటే శిక్షకురాలు వెనక కూర్చుని రాసుకుంటుంది. తోటివాళ్లూ రాసుకుంటారు. అయ్యాక అందరి ముందే మంచీచెడూ చెబుతారు. టీచరు అదేపనిగా మాట్లాడితే తప్పు. ‘అర్థమైందా?’ అని అడగడం ఇంకా తప్పు. ఏ దేశంలోనైనా పిల్లలు ఆ ప్రశ్నకు తలే ఊపుతారు. అర్థమైందో లేదో బయటపడే ప్రశ్న వేయాలి. పాతికేళ్ల సర్వీసున్న మన మాస్టార్లకు కూడా ఈ ఒక్క సంగతి నేర్పితే చాలు, ఎన్నో తరగతులు బాగుపడతాయి.

మొదటి పాఠంలో అమ్మాయి ఆపకుండా తానే మాట్లాడింది. శిక్షకురాలు పేజీ నిండా రాసింది. రెండో వారానికి అమ్మాయి తక్కువ మాట్లాడడం నేర్చుకుంది. మూడో వారానికి తరగతి దానంతటదే నడిచింది.

బ్యాచిలో ఒక చెక్ కుర్రాడు ఉండేవాడు. మంచివాడు, నవ్వు ముఖం. ఇంగ్లీషు బళ్లోనే నేర్చుకున్నాడు. ఎక్కడ ‘ఎ’ పెట్టాలో, ఎక్కడ ‘ది’ పెట్టాలో తేలేది కాదు. వాళ్ల భాషలో అవి లేవు. తెలుగులోనూ లేవు గనక, అతను ఎక్కడ తడబడతాడో ఆ అమ్మాయికి ముందే తెలిసేది. రోజూ రాత్రి కూర్చోబెట్టి మర్నాటి పాఠం దిద్దేది.

ఫలితాలు వచ్చాయి. అతను పాసయ్యాడు. ఆమెకు ‘పాస్ ఎ’ వచ్చింది. అది చాలా కొద్దిమందికే వస్తుంది. సర్టిఫికెట్టు మీద పేరుంటుంది, గ్రేడుంటుంది. మాతృభాష రాసే గడి ఉండదు.

ఇద్దరూ అక్కడే ఒక స్కూలుకు దరఖాస్తు పెట్టారు. దరఖాస్తుకు పాస్‌పోర్ట్ సైజు ఫొటో అంటించమన్నారు, అంటించారు. అతనికి ఉద్యోగం వచ్చింది.

అమ్మాయి వెళ్లి అడిగింది. ఆఫీసులో ఉన్నావిడ మర్యాదగా కూర్చోబెట్టింది.

“మీ గ్రేడు చాలా బాగుంది. కానీ పిల్లల తల్లిదండ్రులు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న టీచరే కావాలంటారు.”

“అతని మాతృభాష చెక్ కదండీ.”

ఆవిడ జవాబు చెప్పలేదు. రెండు దరఖాస్తులూ తీసి పక్కపక్కన పెట్టింది. ఒక ఫొటో మీదా, తర్వాత రెండో ఫొటో మీదా వేలు ఆనించింది.

ఫోన్లో ఈ మాట వినగానే నరసరావుపేటలో తండ్రి మండిపడ్డాడు. “తోలు చూసి పాఠం చెప్పిస్తారా? వాళ్లకు చదువు విలువ తెలుసా అసలు? వచ్చెయ్ తల్లీ, మన బడి ఉంది.” మర్నాడు స్టాఫ్ మీటింగులోనూ అదే చెప్పాడు. చెబుతూ చెబుతూ గొంతు పూడుకుపోయి ఆపేశాడు.

జూన్లో అమ్మాయి తొమ్మిది, పది తరగతుల ఇంగ్లీషు తీసుకుంది. బల్లలు ఎదురెదురుగా తిప్పించింది. గైడ్లు మూయించింది. తను ఒక మాట అని, పిల్లల చేత పది మాటలు చెప్పించింది. మొదట్లో గోల అనుకున్న పక్క తరగతి మాస్టార్లు తర్వాత తలుపు దగ్గరికొచ్చి వినసాగారు. శివరాత్రి వెళ్లాక తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె కోటప్పకొండ ప్రభలు ఎలా కడతారో కాగితం చూడకుండా ఇంగ్లీషులో చెప్పింది. వాళ్ల నాన్న ప్రభ కట్టే మనిషే. కరస్పాండెంట్ గారు కిటికీ అవతల నిలబడి చివరిదాకా విన్నాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

ఏప్రిల్లో థాయ్ కొత్త సంవత్సరం సాంగ్‌క్రాన్ సెలవులకు చెక్ కుర్రాడు చూడవచ్చాడు. రెండు రోజులున్నాడు. గోంగూర మారు వడ్డించుకున్నాడు. ఆమె తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని నోట్సు రాసుకున్నాడు. వెళ్లే ముందు స్కూలు గేటు దగ్గర ముగ్గురూ ఫొటో దిగారు. ఒక పక్క తండ్రి, ఒక పక్క కుర్రాడు, నడుమ అమ్మాయి.

మూడో రోజు పొద్దున బస్టాండ్ సెంటర్లో కొత్త ఫ్లెక్సీ లేచింది. ‘అడ్మిషన్లు జరుగుచున్నవి. ఫారిన్ ఫ్యాకల్టీచే ఇంగ్లీషు బోధన.’ కింద ఆ ఫొటోయే. అందులో తండ్రి ఉన్నాడు, కుర్రాడు ఉన్నాడు. ఇద్దర్నీ దగ్గరికి జరిపి అతికారు. కుర్రాడి మోచేతి దగ్గర చీర అంచు కాస్త మిగిలిపోయింది.

అమ్మాయి ఇంటికొచ్చి తండ్రి ఎదుట నిలబడింది. ఏమీ అడగలేదు.

ఆయనే అన్నాడు, ఎంతో ఆప్యాయంగా:

“నువ్వూ ఉంటే పాఠం చెప్పేది నువ్వే అనుకుంటారు తల్లీ.”