పాత చిరునామాకు వచ్చిన తీర్పు

నేను పుట్టింది ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో. అక్కడి కోర్టు కేంద్రానికి డబ్బు దావాలు కట్టలు కట్టలుగా వస్తాయి. గడువులోగా ప్రతివాది జవాబివ్వకపోతే వాది అడిగిందే తీర్పయిపోతుంది. అలా పుట్టిన కౌంటీ కోర్టు జడ్జిమెంటును నేను. అందరూ సీసీజే అంటారు. నన్ను రాసే ముందు ఏ జడ్జీ ఎవరి మొహమూ చూడలేదు.

నా మీదున్న పేరు ఒక ఖమ్మం కుర్రాడిది. చదువుకోవడానికి వచ్చి లండన్ ఈస్ట్‌హామ్‌లో మరికొందరితో కలిసి ఉండేవాడు. ఉద్యోగం రాగానే ఫోన్ కనెక్షన్ రద్దు చేసుకుని రెడింగ్ వెళ్లిపోయాడు. కంపెనీ లెక్కలో మాత్రం 214 పౌండ్ల బాకీ మిగిలింది. దావా కాగితాలూ, వాటి వెనకే నేనూ పాత ఇంటికే వెళ్లాం. పిజ్జా కరపత్రాల మీద పడి ఉన్న నన్ను ఆ ఇంట్లో ఉండే అన్న తీసి వంటింటి సొరుగులో పెట్టాడు.

నెలలోపు బాకీ అంతా కట్టేస్తే నన్ను రిజిస్టరులోంచి తీసేసేవారు. ఆ తర్వాత కడితే 'తీర్చారు' అన్న మాట చేరుతుందే తప్ప ఆరేళ్లదాకా నేను కదలను. సొరుగులో ఉన్నది కాగితమే. నా అసలు బతుకు ఆ రిజిస్టరులో, అక్కణ్ణుంచి క్రెడిట్ సంస్థల ఫైళ్లలో. పేరు, చిరునామా, ఎంత, ఎప్పుడు అన్నవి అక్కడుంటాయి. ఎందుకు కట్టలేదో రాయడానికి గడి ఉండదు.

పెళ్లయింది. భార్య వస్తోందని కుర్రాడు ఫ్లాటు చూసుకున్నాడు. వారం అద్దె అడ్వాన్సుగా కట్టి, ఏజెంటు ఫారంలో సీసీజే 'లేదు' అని రాశాడు. నేనున్నట్టు తెలిస్తే కదా! క్రెడిట్ రిపోర్టులో నేను తేలాను, ఫ్లాటు పోయింది. తప్పుడు సమాచారమిస్తే ఆ అడ్వాన్సు ఉంచేసుకోవచ్చని చట్టంలోనే ఉంది. ఏజెంటు ఉంచేసుకున్నాడు.

"అన్నా, నాకేమన్న కోర్టు ఉత్తరం వచ్చిందా?"

"ఏదో వచ్చింది తమ్మీ, సొరుగుల పెట్టిన. బిల్లేమో అనుకున్న."

కోపం దిగమింగుకున్నాడు. ఇప్పుడు అద్దెకు పూచీపడే గ్యారంటర్‌గా కావలసింది ఆ అన్నే. ఏజెంట్లు ఇక్కడ ఉండి సంపాదించేవాళ్లనే ఒప్పుకుంటారు. ఊళ్లో నాన్నకు ఎంత మిర్చి తోట ఉన్నా లెక్కలోకి రాదు. ఒకప్పుడు ఆరు నెలల అద్దె ముందే ఇస్తానంటే నన్ను చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లు. కొత్త చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి నెల అద్దెకు మించి ముందుగా పుచ్చుకోకూడదు. అద్దెకుండేవాళ్ల మేలుకే తెచ్చారు, కాదనను. నన్ను మోస్తున్నవాళ్లకు మాత్రం ఉన్న దారుల్లో ఒకటి మూసుకుపోయింది.

ఈసారి ఏజెంటు లేకుండా ఇల్లిచ్చే ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాడు. ఆమె అడక్కముందే నన్ను తీసి బల్లమీద పెట్టాడు, పక్కన జీతం స్లిప్పులు, అద్దె కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్లు. ఆమె నన్ను రెండువైపులా చదివి, ఇప్పుడుంటున్న ఇంటి ఓనరు నంబరు అడిగింది. ఫోన్లో ఆమె వేసిన ప్రశ్న ఒక్కటే: అద్దె ఎప్పుడైనా ఆలస్యమైందా అని. అన్న గ్యారంటర్‌గా సంతకం పెట్టాక తాళాలు ఇచ్చింది.

తర్వాత, కనెక్షన్ రద్దు చేసుకున్న ఈమెయిలు వెతికి పట్టుకుని, నన్ను కొట్టేయమని కోర్టుకు ఎన్244 అనే ఫారంలో అర్జీ పెట్టాడు. దాని ఫీజు నా మీదున్న బాకీ కన్నా ఎక్కువ. ఆ అర్జీకి జతచేసిన మొదటి కాగితాన్ని నేనే.