పుర్రెకో బుద్ధి, బడికి మూడు సొరుగులు

డబ్లిన్‌లో ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే ముందు ఇంటి అద్దె, తర్వాత స్టాంప్ 4 నివాస అనుమతి, ఆ తర్వాత పిల్లలు. ‘మావాడు విజువల్ లర్నర్ అండీ, బొమ్మ చూపిస్తే గానీ ఎక్కదు’ అంటారొకరు. ‘మా అమ్మాయి ఆడిటరీ, ఒక్కసారి వింటే చాలు’ అంటారు ఇంకొకరు. ఆ మాటలు నడుస్తున్నంతసేపూ సోఫా మీంచి కుర్చీ మీదికి, కుర్చీ మీంచి సోఫా మీదికి దూకుతున్న మూడోవాడు కైనెస్థెటిక్. వెనకటికి ఇలాంటివాణ్ణి కోతి అనేవారు, ఇప్పుడు గ్రీకు పేరు దొరికింది. గోత్రం, నక్షత్రం అడిగే అలవాటు విమానం దిగగానే పోయిందనుకుంటాం గానీ అది ఎక్కడికీ పోలేదు, పేరు మార్చుకుని బడిలో చేరింది. పాపం, ఈ జబ్బు మన ఒక్కరిదే అనలేం. 2012లో అచ్చయిన ఒక సర్వేలో బ్రిటన్ టీచర్లలో 93 శాతం, నెదర్లాండ్స్ టీచర్లలో 96 శాతం మంది, పిల్లలకు వాళ్ల టైపుకు తగ్గట్టు నేర్పితే బాగా ఎక్కుతుందన్న మాటను నమ్ముతున్నామన్నారు. దేవుడి విషయంలో కూడా అంత ఏకాభిప్రాయం కుదరదు.

ఈ శాస్త్రం పుట్టుపూర్వోత్తరాలు చూస్తే మన పంచాంగకర్తలు ఎంత నిగ్రహం గలవాళ్లో తెలుస్తుంది. న్యూజిలాండ్‌లో బడుల తనిఖీ ఉద్యోగం చేసిన నీల్ ఫ్లెమింగ్ 1992లో చూపు, వినికిడి, చేత అనే మూడింటికి చదువు-రాత అనే నాలుగో సొరుగు తగిలించి ప్రశ్నావళి తయారుచేశాడు. ఇప్పుడు అందులో 16 ప్రశ్నలు. ఎవరికైనా దారి చెప్పాలంటే బొమ్మ గీస్తావా, నోటితో చెబుతావా, రాసిస్తావా, చెయ్యిపట్టి తీసుకెళ్తావా లాంటివి. నాలుగూ చేస్తాం, అడిగినవాడు ఎవడన్నదాన్ని బట్టి. ఆ సంగతి అలా ఉంచితే, 2004లో ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం బ్రిటన్‌లో లెక్క తీసేసరికి ఇలాంటి వర్గీకరణలు 71 తేలాయి. మన నక్షత్రాలు 27తో ఆగాయి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అసలు రుజువు ఎలా ఉండాలో చెప్పారు: బొమ్మల పిల్లల్ని, మాటల పిల్లల్ని వేరుచేసి, ప్రతి గుంపులో సగానికి బొమ్మలతో, సగానికి మాటలతో పాఠం చెప్పి, అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. బొమ్మలవాళ్లకు బొమ్మలతోనూ, మాటలవాళ్లకు మాటలతోనూ ఎక్కువ మార్కులొస్తే సిద్ధాంతం నిలిచినట్టు. అలా పకడ్బందీగా జరిపిన ప్రయోగాలే వాళ్లకు బహు తక్కువ దొరికాయి, దొరికినవాటిలోనూ కొన్ని ఎదురు తిరిగాయి.

‘మరి గార్డ్‌నర్ చెప్పాడు కదా’ అనేవాళ్లుంటారు. హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో ఏడు రకాల తెలివితేటలున్నాయన్నాడు. ఆ ఆలోచన పట్టుకుని కార్క్ యూనివర్సిటీ కాలేజీలో ఆన్యా హైలండ్ నాయకత్వంలో 1995 నుంచి 1999 దాకా ఒక ప్రాజెక్టు కూడా నడిచింది. కానీ నా సిద్ధాంతం వేరు, ఈ నేర్చుకునే శైలులు వేరు, దయచేసి రెంటినీ కలపొద్దని ఆయనే 2013లో పత్రికకెక్కి మొత్తుకున్నాడు. అయినా శిష్యులు గురువుగారి మాట ఎన్నడు విన్నారు? బహుశా వాళ్లు ఆడిటరీ కారేమో.

నేర్పే పద్ధతిని తేల్చేది పిల్లవాడి టైపు కాదు, నేర్చుకోబోయే విషయం. ఇది తెలుసుకోవడానికి ఐర్లండ్ కన్నా అనువైన దేశం లేదు. క్లాసులో పక్కన కూర్చున్న పాప పేరును అక్షరాలు చూసి చదివితే ‘సియోభన్’. పిలిస్తే షివాన్. ‘నియాంహ్’ అని రాసి ఉన్నమ్మాయి నీవ్. రైలు దిగాల్సిన ఊరు రాతలో ‘దూన్ లావోఘైరె’, నోట్లో డన్ లియరీ. రాసిందే పలికే భాషలో పుట్టినవాళ్లకు ఇది పెద్ద అవమానం. మనవాడు ఎంత గట్టి విజువల్ లర్నరైనా ఆ పిల్ల పేరును చెవితోనే నేర్చుకోవాలి, లేకపోతే ప్రైమరీ బడి ఎనిమిదేళ్లూ సియోభన్ అనే పిలుస్తుంటాడు. షానన్ నది ఎక్కణ్ణించి ఎక్కడికి పారుతుందో తెలియాలంటే ఎంత ఆడిటరీ పిల్లయినా పటం ముందు కూర్చోవాలి. ఇక్కడి హర్లింగ్ ఆట కర్ర చేత పట్టకుండా, దాని గురించి ఉపన్యాసం విని బంతి కొట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు. మన వీధిబడి పంతులుకు ఈ గొడవే లేదు. ఇసకలో అక్షరం చూపించి, గట్టిగా పలికించి, వేలు పట్టి దిద్దించేవాడు. మూడు సొరుగులూ ఒక్క ఊపులో లాగేసేవాడు.

‘పుర్రెకో బుద్ధి అని మన పెద్దలే అన్నారుగా’ అని అడగొచ్చు. అన్నారు. కానీ లోకంలో ఉన్నవి మూడే పుర్రెలని అనలేదు. ‘మావాడికి బొమ్మలంటే నిజంగానే ఇష్టం’ అంటే అదీ నిజమే కావచ్చు. వాడికి టేటో చిప్స్ కూడా ఇష్టమే, అంతమాత్రాన వాడి ఒంటికి బంగాళాదుంప శైలి పోషణ సరిపడుతుందని ఎవరూ అనరు. పిల్లలు వేర్వేరుగా ఎదుగుతారన్నది ఎవరూ కాదనలేని సంగతి. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనే ఎనిమిది నెలలకు నడిచేవారూ ఉంటారు, పదిహేడు దాటాక నడిచేవారూ ఉంటారు. బడిలో మొదటి తరగతి అయిన జూనియర్ ఇన్‌ఫంట్స్‌లో నాలుగు నిండీ నిండనివాడూ, ఐదు దాటినవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఆ వయసులో ఏడాది తేడా అంటే బతుకులో ఐదో వంతు. ఒకడు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఇంగ్లిష్, దానిమీద ఐరిష్ మోస్తాడు. ‘గ్రోయింగ్ అప్ ఇన్ ఐర్లండ్’ అధ్యయనం తొమ్మిదేళ్ల పిల్లల్ని 8,500 మందికి పైగా పరిశీలిస్తే, తల్లి చదువును బట్టి పిల్లల చదివే శక్తి, లెక్కల శక్తి మారుతున్నట్టు తేలింది. వయసు, భాష, ఇంటి పరిస్థితి, ముందే తెలిసినది ఎంత అన్నవి అసలు తేడాలు. వాటిని సరిచేయాలంటే టీచర్లు కావాలి, డబ్బు కావాలి. సొరుగుకు చీటీ అంటించడానికి జిగురు చాలు.

చీటీ వల్ల నష్టమేముంది, పిల్లవాడు సంతోషిస్తాడు కదా అనేది చివరి వాదన. ‘నేను చదివే టైపు కాదు’ అని ఎనిమిదేళ్లకే నమ్మినవాడు పుస్తకం ముయ్యడానికి శాస్త్రీయమైన సాకు సంపాదించినట్టే. అక్షరాలు నిజంగానే తారుమారై కనబడే పిల్లవాడికి కావలసింది డిస్లెక్సియా పరీక్ష. ‘విజువల్ కాదులే’ అన్న ఓదార్పు వాడికెందుకు? 2005 నాటి వైకల్య చట్టం ప్రకారం దరఖాస్తు అందిన మూడు నెలల్లో పిల్లవాడి అవసరాల అంచనా మొదలవ్వాలి. గడువు దాటిన దరఖాస్తులు వేలల్లో పడి ఉన్నాయి. అంత పెద్ద వరుస ఉన్న దేశంలో ఇంట్లో కూర్చుని 16 ప్రశ్నలతో బిడ్డ మెదడు తేల్చేయడం ఎంత సౌకర్యమో!

ఇంత ముద్దుగా వర్గాలు చేసిన పిల్లలందరూ చివరికి బడి ఆఖరి పరీక్ష లీవింగ్ సర్టిఫికెట్ గుమ్మం దగ్గర కలుస్తారు. అక్కడ 625 పాయింట్ల ముందు టైపు అడిగే నాథుడు లేడు. ఐరిష్‌లో 40 శాతం మార్కులు నోటి పరీక్షకు, 10 శాతం విని రాసేదానికి, మిగతా సగం రాతకు. నేను విజువల్, మాట్లాడనంటే కుదరదు. విచిత్రమేమంటే, ఆ పరీక్ష కోసం బట్టీ పట్టినదంతా మరిచిపోయిన అరవై ఏళ్ల పెద్దమనిషికి కూడా ఐరిష్‌లో ఒక్క వాక్యం తడుముకోకుండా వస్తుంది: ‘అన్ విల్ క్యాద్ అగమ్ దుల్ గ దీ అన్ లెహ్రస్?’ మరుగుదొడ్డికి వెళ్లొచ్చా అని. దేశం మొత్తానికి ఇలా పట్టుబడిన పాఠం ఇంకోటి లేదు. దాన్ని ఎవరూ టైపును బట్టి నేర్పలేదు. అవసరం రోజూ వచ్చేది, రోజూ నోరు తెరిచి అడగాల్సి వచ్చేది, తప్పు పలికితే మళ్లీ పలికించేవారు, సరిగ్గా వచ్చేదాకా ఒంటికాలి మీద నిలబడాల్సి వచ్చేది. కావాలంటే ఆ నిలబడటాన్ని కైనెస్థెటిక్ కింద రాసుకోవచ్చు.