ఎమ్మెల్ నాన్న

మా అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఒక ఎమ్మెల్ నాన్న ఉన్నాడు. ఆ మాటకొస్తే మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఏ అంతస్తులో తలుపు కొట్టినా ఒకడు బయటికొస్తాడు. ముప్ఫై దాటిన వయసు, భుజం మీద పాల మరకల తువ్వాలు, చేతిలో గీతల సీసా. ఆ సీసాని లైటుకి ఎదురుగా ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి, పాలు ఏ గీత దగ్గర ఆగాయో చూస్తుంటాడు. "నూట పది... కాదు, నూట పదిహేను" అంటాడు. ఆ అయిదు ఎమ్మెల్ తేడా తేలేదాకా అతనికి టిఫిను దిగదు.

పాప పుట్టిన కొత్తలో అతనికి చేతినిండా పని ఉండేది కాదు. తల్లి పాలిచ్చేది, పిల్ల తాగేది, పడుకునేది. ఎంత తాగిందంటే చెప్పేవాళ్ళు లేరు, తల్లిపాలకి గీతలుండవు కదా. ఇది అతన్ని లోలోపల తినేసింది. ఒకరోజు పాలు పట్టకముందు ఒకసారి, పట్టాక ఒకసారి పాపని కాటా మీద పెట్టి తేడా తీయబోయాడు. రెండో తూకంలో పాప కాటా తడిపేసింది. కిందికి కారినదాన్ని లెక్కలో కలపాలా, తీసెయ్యాలా అని అతను తల పట్టుకుని ఆలోచిస్తుంటే, భార్య పిల్లనెత్తుకుని గదిలోకెళ్ళి గడియ పెట్టేసుకుంది.

అతని దశ తిరిగింది ఆరో నెల నిండాకే. 2017లో చట్టం సవరించినప్పటి నుంచి ఉద్యోగం చేసే తల్లికి 26 వారాల ప్రసూతి సెలవు. నొప్పులొచ్చేదాకా ఆఫీసుకెళ్ళి, సెలవంతా పిల్ల కోసం దాచుకున్న తల్లికి అది సరిగ్గా పాప ఆరు నెలలప్పుడు అయిపోతుంది. డాక్టర్లు పైఆహారం మొదలుపెట్టమనేదీ అప్పుడే. అంటే అమ్మ ఆఫీసుకీ, పాప ఉగ్గుకీ ఒకే వారంలో బయల్దేరారన్నమాట. పొద్దునా రాత్రీ తల్లిపాలు, పగలు డబ్బాపాలు. పగటి పద్దంతా ఇంట్లోంచి పనిచేసే మనవాడి చేతికొచ్చింది.

1992 నాటి చట్టం పుణ్యాన డబ్బా మీద తల్లిపాలే మేలని రాయక తప్పదు. మనవాడు ఆ వాక్యం దాటేసి, వెనకాల ఉన్న పట్టిక మాత్రం కంఠస్థం చేశాడు. ల్యాప్‌టాప్‌లో ఒక షీటు తెరిచాడు. ఎన్నింటికి పట్టాం, ఎంత కలిపాం, ఎంత మిగిలింది, ఎంత ఒలికింది. ఒలికినది ఎలా తెలుస్తుందని మీకు అనుమానం రావచ్చు. పాప మెడకి కట్టే గుడ్డని పాలు పట్టకముందు ఒకసారి, పట్టాక ఒకసారి వంటింటి తక్కెడలో తూస్తాడు.

అన్నప్రాశనకి నన్నూ పిలిచారు. పుస్తకం, కలం, బంగారం, డబ్బు అన్నీ వరసగా పేర్చారు. పాప బోర్లాపడి, చెయ్యి చాచి, వాటిలో ఏదీ ముట్టకుండా పంతులుగారి పంచె పట్టుకుంది. పరమాన్నం పెట్టే వేళకి మనవాడు ఫోను తీసి, "పంతులుగారూ, ఒక ముద్దంటే ఎన్ని ఎమ్మెల్ వేసుకోమంటారు?" అన్నాడు. ఆయన ఎన్ని అన్నప్రాశనలు చేయించారో గానీ ఈ మంత్రం ఎన్నడూ విన్నట్టు లేదు. "వేలితో నాలిక్కి రాయించండి నాయనా" అన్నారు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. పాప ఉగ్గు రుచి మరిగింది, సీసాలో పాలు మిగలడం మొదలెట్టాయి. నూట ఎనభై తాగే పిల్ల నూట ఇరవైకి దిగింది. అతని షీటులో గీత షేరు మార్కెట్టులా పడిపోయింది. మీటింగులో ఉండి కూడా మైకు ఆపి, "అత్తయ్యగారూ, ఎంత తాగింది?" అని హాల్లోకి కేకేసేవాడు.

తెనాలి నుంచి వచ్చిన ఆ అత్తగారు బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, మర పట్టించి, గుడ్డలో జల్లించి ఉగ్గు కాచే మనిషి. ఆవిడ దగ్గరున్న వెండి ఉగ్గుగిన్నెకి గీతలు లేవు.

"మూడు చెంచాలు తింది బాబూ."

"టీ చెంచానా, పెద్ద చెంచానా? తలగొట్టా, గోపురంగానా?"

"నోటికి పట్టినంత బాబూ. మిగిలింది జుట్టుకి రాసుకుంది."

జుట్టుకి రాసుకున్నదానికి షీటులో గడి లేదు. ఆ రాత్రి చేర్చాడు.

తగ్గిన పాలు బాకీ అనుకున్నాడు పాపం. బాకీ తీర్చడానికి పిల్ల నిద్రలో ఉండగా సీసా నోట్లో పెట్టేవాడు. మెలకువలో అయితే గిలక్కాయ ఊపుతూ, "ఇంకో ముప్ఫై, మా అమ్మ కదూ" అని బాల్కనీ దాకా వెంటపడేవాడు. పిల్ల మొహం తిప్పేసుకునేది. ఆకలి తీరిందని చెప్పడానికి ఏడు నెలల పిల్లకున్న భాష అదొక్కటే. ఇంట్లో అందరికీ ఆ భాష వచ్చు, ఇతనికి తప్ప.

చివరికి పదకొండు పేజీల ప్రింటుతో పిల్లల డాక్టరమ్మ దగ్గరికెళ్ళాడు. ఆవిడ మొదటి పేజీ తిప్పి, కాగితాలు పక్కన పెట్టి, పాపని చేతుల్లోకి తీసుకుంది. "ఆడుకుంటోందా? రోజుకి ఆరుసార్లన్నా పాస్ పోస్తోందా? బరువు పెరుగుతోందా? ఇంకేం కావాలండీ మీకు?"

"పాలు తగ్గాయి మేడమ్."

"తగ్గాలి కదా! తిండి పెరుగుతుంటే పాలు తగ్గక పెరుగుతాయా?"

ఆవిడ ఓపిగ్గానే చెప్పింది. ఏడాది నిండేదాకా పాలదే పెద్దపీట, తిండి దాని పక్కన మెల్లగా చోటు చేసుకుంటుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల్లో తల్లిపాలు తాగే పిల్లకి పైఆహారం నుంచి రావలసింది రోజుకి 200 కేలరీల చిల్లరే. రెండు మూడు పూటలు పెడితే చాలు. అలాగని పైఆహారం మానేస్తే కుదరదు. పుట్టినప్పుడు ఒంట్లో తెచ్చుకున్న ఇనుము ఆరో నెలకి అడుగంటుతుంది, పాలొక్కటే దాన్ని పూడ్చలేవు. పప్పు, గుడ్డు, మెత్తగా ఉడికించిన మాంసం కావాలి. డబ్బాపాలు మాత్రమే తాగే పిల్లలైతే ఏడు నుంచి తొమ్మిది నెలల మధ్య రోజుకి సుమారు 600 ఎమ్మెల్, పది దాటాక 400. మీ పాప తల్లిపాలు కూడా తాగుతోంది కాబట్టి అదీ అక్కర్లేదు. "ఇవి అంచనాలు నాన్నా, వాయిదాలు కావు. పాప మీ షీటు చూసి తాగదు."

ఇంత విని, ఇంటికొచ్చి, ఫ్రిజ్ మీద స్కెచ్ పెన్నుతో '600' అని రాశాడు.

ఈలోగా తాతగారు ఊరి నుంచి క్యానులో గేదెపాలు దింపారు. "మా పిల్లలంతా వీటి మీదే పెరగలేదూ?" అన్నారు. ఏడాది లోపు తల్లిపాల బదులు, డబ్బాపాల బదులు అవి పట్టొద్దని డాక్టరమ్మ మాట. ఆ క్యాను విషయంలో మనవాడు నిలబడ్డ తీరు చూసి నాకు ముచ్చటేసింది. మావగారికి ఎదురుచెప్పే ధైర్యం అతనికి వచ్చిందంటే ఆ షీటు చలవే. నిజం చెప్పొద్దూ, మా తరం తండ్రులకి పిల్ల ఏం తాగుతోందో కూడా తెలిసేది కాదు. ఇతను రాత్రి రెండింటికి లేచి నీళ్ళు మరిగించి, చల్లార్చి, చెంచా తలగొట్టి పాలు కలిపేవాడు. నవ్వేవాళ్ళం నవ్వుతాం గానీ, ఆ వేళప్పుడు మేమంతా గుర్రు పెట్టేవాళ్ళమే.

మొదటి పుట్టినరోజు అయింది. ఇప్పుడు ఆవుపాలు పట్టొచ్చు, కానీ అర లీటరు దాటనివ్వొద్దంది డాక్టరమ్మ. పాలతో పొట్ట నింపుకుంటే పిల్ల అన్నం ముట్టదు, రక్తం పట్టదు. దాంతో నిన్నటిదాకా "ఇంకో ముప్ఫై" అని బతిమాలినవాడు ఇప్పుడు సీసా వెనకాల దాచి, "అయిపోయాయమ్మా, అయిపోయాయి" అంటున్నాడు. అత్తగారు అతను చూడకుండా పట్టేస్తోంది. పెరుగన్నాన్ని పాలలోకి మార్చే సూత్రం కోసం అతను వెతుకుతున్నాడు.

మొన్న రెండో అంతస్తు కుర్రాడు అతని దగ్గరికొచ్చాడు. కళ్ళ కింద నలుపు, భుజం మీద తువ్వాలు. వాళ్ళ బాబుకి ఆరో నెల నిండిందట. "అన్నా, మావాడు ఉగ్గు మొదలెట్టాక పాలు సరిగ్గా తాగట్లేదు. నిన్నంతా కలిపి అయిదొందల నలభయ్యే."

మనవాడు కళ్ళజోడు సర్దుకున్నాడు. డాక్టరమ్మ చెప్పిన మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఇవి అంచనాలే తమ్ముడూ, బాబు మొహం చూసి పట్టాలి గానీ సీసా చూసి కాదన్నాడు. కుర్రాడి మొహం తేటపడింది. దండం పెట్టి లిఫ్టు ఎక్కబోతుంటే మనవాడు తలుపుకి కాలడ్డం పెట్టి ఆపాడు.

"ఆ అయిదొందల నలభైలోంచి మెడగుడ్డ తడి తీసేశావా?"